జాలీ గొడుగు, ఆకాశ చిత్రము

రేడియో సెట్టు ఇంటికి వచ్చిన కొత్తలో మన పెద్దలు ముందుగా ఆలోచించినది ఏరియల్ సంగతి. డాబా మీద రెండు వెదురు గడలు నిలిపి, వాటి నడుమ రాగితీగ లాగి, పింగాణీ గుండ్లు కట్టి, ఒక కొసను కిటికీలోనుండి దింపి సెట్టుకు తగిలించేవరకు ఆ పెట్టె గదికి అలంకారమే గాని మరొకటి కాదు. సెట్టుకు పెట్టిన డబ్బు సగమైనా దక్కవలెనంటే ఏరియల్ బాగుండవలెనని అనుభవజ్ఞులు చెప్పేవారు. మేము ఇప్పుడు ప్రస్తావించబోయే యంత్రమునకు ఆ మాట మరింతగా వర్తిస్తుంది. అది పాతకాలపు ఉపగ్రహ రిసీవరు. దాని ఏరియల్ తీగ కాదు. పది అడుగుల అడ్డుకొలత గల గొడుగు, ఆకాశమునకు బోర్లించక వెల్లకిల పట్టిన గొడుగు.

పాత యంత్రములను బాగుచేసి మళ్ళీ నడిపించు సరదా ఈ మధ్య చదువుకున్న యువకులలో హెచ్చినది. వాల్వు రేడియోలు, స్పూలు టేపురికార్డర్లు, గ్రామఫోనులు అయినవి. ఇప్పుడు చూపు అనలాగ్ ఉపగ్రహ రిసీవర్ల మీద, పెరటిలో నిలుపుకొనే పెద్ద డిష్షుల మీద పడినది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటరు కొలువులు చేసేవారిలో ఇట్టి ఆసక్తి ఉండుట సహజమే. పగలంతా కంటికి కనబడని అంకెలతో పనిచేసేవారికి సాయంకాలము చేతికి తగిలే ఇనుప పెట్టె ఒకటి కావలెనని అనిపించవచ్చును. అయితే ఈ యంత్రము చరిత్ర అమెరికాలోనో జపానులోనో మొదలైనదని చాలామంది అనుకుంటారు. అది సగము నిజము. తక్కిన సగము హైదరాబాదుకు తూర్పు కొసన, చర్లపల్లి వైపున ఉన్నది. అక్కడినుండి మెదకు, మహబూబునగరము, కర్నూలు పల్లెలకు పోయినది.

ఉపగ్రహము ద్వారా ప్రసారము చేయవచ్చునను ఊహను 1945 అక్టోబరులో ఆర్థర్ సి. క్లార్కు అను ఆంగ్ల రచయిత ఒక వైర్‌లెస్ పత్రికలో వివరించినాడు. భూమధ్యరేఖకు సరిగా పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక వస్తువును తిప్పితే అది భూమితో సమానముగా తిరుగుతుంది. కింద నిలిచి చూచేవానికి అది కదలనట్లే ఉంటుంది. అట్టి చోట ఒక ప్రసార యంత్రమును నిలిపితే భూగోళములో మూడవ వంతుకు దాని చూపు ఆనుతుంది. మా వంటి ప్రసారోద్యోగులకు ఇది ఆశ గొల్పే మాట. మధ్యతరంగముల ప్రసారము కొండ అడ్డమైతే తగ్గుతుంది, దూరము పెరిగితే తగ్గుతుంది. టెలివిజనుకైతే ఎత్తైన స్తంభము నుండి నూరు కిలోమీటర్లు దాటుటయే గగనము. దేశములోని పల్లెలన్నిటికి బొమ్మను చేర్చవలెనంటే కొన్ని వందల స్తంభములు నాటవలెను. ఆ పనికి ఎన్ని ఏండ్లు పట్టునో, ఎంత ధనము కావలెనో లెక్క వేసి, అంతకాలము పల్లెలు ఎందుకు వేచి ఉండవలెనని అడిగినవారు విక్రమ్ సారాభాయి గారు. 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి శాఖకు, అమెరికా దేశపు నాసా సంస్థకు ఒక ఒప్పందము కుదిరినది. వారి ఉపగ్రహమును ఒక్క సంవత్సరము మనకు ఎరువిస్తారు. భూమి మీద కావలసిన యంత్రములు, కార్యక్రమములు మనవి. సారాభాయి గారు 1971 డిసెంబరు 30 న కోవళములో కన్నుమూసినారు. ఒప్పందము మిగిలినది.

ఆ ఉపగ్రహము పేరు ఏ.టి.ఎస్.-6. 1974 మే 30 న దానిని ఎగురవేసినారు. ఒక సంవత్సరము అమెరికా వారి అవసరములకు వాడుకొని, 1975 వేసవిలో దానిని మెల్లగా తూర్పునకు జరిపి, ఆఫ్రికా ఖండము మీద 35 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిపినారు. దానికి 30 అడుగుల అడ్డుకొలత గల గొడుగు ఉన్నది. ఆకాశమునకు చేరిన పిమ్మట పూవు విచ్చినట్లు విచ్చుకొనే గొడుగు అది. దాని ప్రసార శక్తి 80 వాట్లు. ఈ అంకె చూచి మా ఇంజనీర్లు చిరునవ్వు నవ్వుతారు. మన ఇంటి వసారాలో వెలిగించు పాత గుండు బల్బుకు కావలసినంత శక్తి అది. ఆ కొంచెపు శక్తిని నలుదిక్కులకు చెదరనీయక భారతదేశము వైపే కూడగట్టి పంపుట ఆ పెద్ద గొడుగు పని.

పైన అంత పెద్ద గొడుగు ఉన్నందువలననే కింద చిన్న గొడుగు చాలినది. ఈ సంగతి కొంచెము నిదానముగా చెప్పుకొనవలెను, ఏలనన పాత రిసీవరును బాగుచేయదలచినవారికి ఇదే మూలసూత్రము. హైదరాబాదు శ్రోతలకు 738 కిలోహెర్ట్జుల అంకె పరిచితమే. ఆ తరంగము పొడవు 406 మీటర్లు. ఏ.టి.ఎస్.-6 మన పల్లెలకు పంపిన తరంగము 860 మెగాహెర్ట్జులు, మా పెద్దల భాషలో మెగాసైకిళ్ళు. దాని పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, అనగా సుమారు జానెడున్నర. ఇట్టి తరంగమునకు అంగుళము కంతలు గల జాలీ, గట్టి రేకు వలెనే కనబడుతుంది. కంత తరంగము కన్న చాల చిన్నదైనపుడు అది లోనికి దూరలేక వెనుకకు మళ్ళుతుంది. కనుక ఖరీదైన అల్యూమినియము రేకుతో పని లేకపోయినది. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప జాలీని చువ్వల చట్రము మీద బిగించి, మూడు మీటర్ల గొడుగు చేసినారు. గాలికి అది పెద్దగా ఊగదు, వానకు నీరు నిలువదు, బండి మీద తీసుకొనిపోవచ్చును, చిరిగితే ఊళ్ళోనే కుట్టవచ్చును. ప్రపంచములోని ఎంతో గంభీరమైన సాంకేతిక విద్యను కోళ్ళ జాలీతో అందుకొన్నామని కొందరు ఆనాడు ఎగతాళి చేసినారు. మాకు మాత్రము ఆ జాలీయే ఈ కథలో మిక్కిలి తెలివైన వస్తువుగా తోచుచున్నది.

గొడుగును గురిపెట్టుట కూడ కష్టము కాలేదు. మూడు మీటర్ల గొడుగు ఆ తరంగమునకు సుమారు ఎనిమిది డిగ్రీల మేర చూడగలదు. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశములో ఎంత మేర మరుగుపడునో దాదాపు అంత. హైదరాబాదులో నిలిచి లెక్కవేస్తే ఆ ఉపగ్రహము పడమటికి కొంచెము దక్షిణముగా, నేలకు సుమారు 37 డిగ్రీల ఎత్తున ఉండవలెను. మాఘమాసపు సాయంకాలము పొద్దు ఇంకా దిగని వేళ పడమటి ఆకాశము చూచినవారు ఆ చోటును ఊహించుకొనవచ్చును.

ఇక రిసీవరు. గొడుగు నాభి దగ్గర ఒక చిన్న పెట్టె, అది అతి బలహీనమైన సంకేతమును పెంచుతుంది. అక్కడినుండి కేబుల్ తీగ గదిలోనికి వస్తుంది. లోపల మరొక పెట్టె ఉన్నది. ఉపగ్రహము బొమ్మను ఎఫ్.ఎం. పద్ధతిలో పంపుతుంది. మామూలు టెలివిజను సెట్టు ఆ పద్ధతిని ఎరుగదు. ఎరిగిన భాషలోనికి మార్చి చెప్పు దుబాసీ ఈ రెండవ పెట్టె. ఎఫ్.ఎం. పద్ధతి ఎందుకనగా, సంకేతము ఎంత నీరసముగా ఉన్నా ఒక హద్దు వరకు బొమ్మ చెడదు. ఆ హద్దు దాటితే మాత్రము తెర మీద తెల్లని నల్లని మెరుపు చుక్కలు, చెట్టు నిండ మిణుగురులు వాలినట్లు కనబడతాయి. పాత డిష్షులను నడిపినవారు ఈ మిణుగురులను బాగుగా ఎరుగుదురు.

ఈ సెట్లను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, మన వాడుకలో ఇ.సి.ఐ.ఎల్. అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యములో 1967 లో అది వెలసినది. ఆయన పేరు మీదనే నేడు ఏ.ఎస్. రావు నగర్ ఉన్నది. దేశములో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటియైన టి.డి.సి.-12 ను 1969 లో ఆ సంస్థయే అందించినది. పల్లె పంచాయతీకి టెలివిజను, పరిశోధనాలయమునకు కంప్యూటరు ఒకే కప్పు కింద తయారైన కాలమది. నేడు నగరములో కంప్యూటరు అనగానే అందరి వేలు పడమటి దిక్కునే చూపుతుంది. చరిత్ర చెప్పేవారు ఒకసారి తూర్పు దిక్కునకు కూడ తిరుగవలెను.

1975 ఆగస్టు 1 న ప్రసారములు మొదలైనవి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు. రాష్ట్రమునకు నాలుగు వందలు అని వాడుకగా చెప్పేవారు. ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు, మెదకు, మహబూబునగరము, కర్నూలు జిల్లాలను ఎన్నుకొన్నారు. కర్ణాటకము నుండి గుల్బర్గా, రాయచూరు, బిజాపూరు. పటము చూచినవారికి వెంటనే తెలుస్తుంది, ఇవన్నియు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న మెట్ట జిల్లాలు. వాన కోసము ఆకాశము వైపు చూచు అలవాటు అక్కడివారికి వెనుకటినుండి ఉన్నదే. ఆనాటి హైదరాబాదు జిల్లా చాల పెద్దది. రంగారెడ్డి జిల్లా దానినుండి విడిపోయినది 1978 లో. నేడు అద్దాల మేడలు నిలిచిన మాదాపూరు అప్పుడు ఆ జిల్లాలోనే, రాతిగుట్టల నడుమ ఒక పల్లె.

ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు, మొత్తము రోజుకు నాలుగు గంటల ప్రసారము. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడము అని నాలుగు భాషలకు ఆ కాలమును పంచినారు. కనుక ఒక్కొక్క భాషకు దక్కినది తక్కువే. బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో ఉదయము ఇరువది రెండున్నర నిమిషములు. సాయంకాలము సేద్యము, ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, ఆటపాటలు. ఉపగ్రహములో బొమ్మకు ఒక దారి, మాటకు రెండు దారులు ఉన్నవి. అనగా ఒకే బొమ్మకు రెండు భాషలలో వ్యాఖ్యానము పంపవచ్చును. తుంగభద్రకు ఒక ఒడ్డున తెలుగు, మరొక ఒడ్డున కన్నడము. ఇట్టి చోట ఈ ఏర్పాటు ఎంత పొందికైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

కార్యక్రమములు తయారుచేయు బాధ్యత ఆకాశవాణిది. దూరదర్శన్ అను పేరుతో టెలివిజను శాఖ ఆకాశవాణి నుండి వేరుపడినది 1976 ఏప్రిల్ 1 న, అనగా ఈ ప్రయోగము నడుచుచుండగానే. అంతకు ముందు అంతా ఒకే కుటుంబము. ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో కార్యక్రమ నిర్మాణ కేంద్రములు నెలకొల్పినారు. తెలుగు, కన్నడ కార్యక్రమములకు హైదరాబాదే ఇల్లు. ఇక్కడ తయారైన టేపు ప్రసారమునకు గుజరాతుకు పోయేది. ఆకాశమునకు ఎక్కించు పెద్ద భూకేంద్రము అహమ్మదాబాదులో ఉన్నది, రెండవది ఢిల్లీలో. హైదరాబాదులో మాటాడిన మాట వేయి కిలోమీటర్లు ప్రయాణము చేసి, అక్కడినుండి 36,000 కిలోమీటర్లు పైకి ఎక్కి, తిరిగి అంత దూరము దిగి, హైదరాబాదుకు కూతవేటు దూరములో ఉన్న పల్లెలోని పెట్టెలో వినబడినది. హనుమంతుడు సంజీవి కోసము పోయి కొండనే తెచ్చిన చందము.

ఆ కార్యక్రమములలోని భాషను గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. మెదకు రైతు మాట, కర్నూలు రైతు మాట ఒకటి కాదు. పంటలు వేరు, పురుగుల పేర్లు వేరు, కొలతలు వేరు. రేడియోలో ఈ చిక్కు ఉన్నా, వినేవాడు తన మనసులో తన పొలమును ఊహించుకొనగలడు. బొమ్మ ఆ అవకాశము ఇవ్వదు. తెర మీద కనబడు నాగలి తనది కాకపోతే రైతు వెంటనే గుర్తుపట్టుతాడు. నాలుగు జిల్లాలకు ఒకే తెలుగు, దేశమంతటికి అరగంట ఉమ్మడి కార్యక్రమము అను పద్ధతిలో ఈ చిక్కు పూర్తిగా తీరలేదు. తొలి వారములలో బడి ఆవరణ నిండిపోయిన జనము పోను పోను పలుచబడినారని ఆనాటి పరిశీలనలు చెప్పుచున్నవి. కొత్త తీరిన పిమ్మట తనకు పనికివచ్చునది మాత్రమే మనిషి చూస్తాడు. అందులో తప్పు లేదు. మరొక సంగతి కూడ మరువరాదు. ఈ ప్రసారములు మొదలగుటకు అయిదు వారముల ముందే, 1975 జూన్ 25 న, దేశములో అత్యవసర పరిస్థితి ప్రకటించబడినది. ఆకాశము నుండి దిగినదంతయు ప్రభుత్వము మాటయే. ప్రశ్న అడుగుటకు పల్లె దగ్గర సాధనము లేదు.

అయినను బడిపంతుళ్ళకు జరిగిన శిక్షణ గొప్ప పని. ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలో సుమారు 50,000 మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సెలవు రోజులలో విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చినారు. బడికి వెళ్ళిన పిల్లవాడు ఆ బొమ్మను మరచినా, పంతులు నేర్చినది మరి ముప్పది ఏండ్లు ఆ బడిలో పనిచేస్తుంది.

ఇంతలో ఈ ప్రసారము పిలువని చుట్టములను కూడ సంపాదించినది. తన ఊహ నిజమగుట చూడవలెనని ఆర్థర్ క్లార్కు ఉబలాటపడినాడు. ఆయన కాపురము కొలంబోలో. మన అంతరిక్ష సంస్థ ఇంజనీర్లు అక్కడికి వెళ్ళి ఆయన ఇంటి మీద సుమారు 15 అడుగుల గొడుగు నిలిపి వచ్చినారు. ఒక వ్యక్తి ఇంట ఉపగ్రహ టెలివిజను గొడుగు నిలుచుట ప్రపంచములో అదే మొదటిసారి అని చెప్పుకొంటారు. అంతకన్న విచిత్రమైనది ఇంగ్లండు కథ. షెఫీల్డు పట్టణములో స్టీఫెన్ బిర్కిల్ అను ప్రసార ఇంజనీరు, తన చేతితో చేసుకొన్న చిన్న గొడుగుతో, 1975 చివర, భారత పల్లెలకు ఉద్దేశించిన ఈ బొమ్మలనే పట్టినాడు. ఉపగ్రహము చూపు ఆ దేశము మీద లేదు. అంచునుండి జారిన వెలుగే ఆయనకు చాలినది. మరు సంవత్సరము అమెరికాలోని కాలిఫోర్నియాలో టేలర్ హోవర్డు అను స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు తన పెరటి గొడుగుతో మరొక ఉపగ్రహమునుండి సినిమా ప్రసారములు అందుకొన్నాడు. పెరటి గొడుగు అను వేడుకకు ఇవే తొలి అడుగులు. అనగా నేడు ఎవరైనా పెరటిలో పాత డిష్షును నిలుపుకొని సంతోషించినచో, ఆ సంతోషము మూలములలో ఒకటి కర్నూలు బడిపిల్లల కోసము పంపిన పాఠము. మనవారికి ఈ సంగతి తెలియకపోవుట మాకు కొంత కష్టముగానే ఉన్నది.

1976 జులై 31 న ప్రసారము ఆగినది. ఎరువు వస్తువును సొంతదారు వెనుకకు తీసుకొన్నాడు. ఒప్పందములో ఉన్నదే జరిగినది, ఎవరిని అనుటకు లేదు. కాని పల్లెల వైపు నుండి చూచినచో మరొక తీరుగా కనబడుతుంది. ఒక సంవత్సరము ప్రతి సాయంకాలము వెలిగిన తెర మరునాడు వెలుగలేదు. గొడుగు ఉన్నది, సెట్టు ఉన్నది, కరెంటు ఉన్నది, ఆకాశములో వస్తువు లేదు. రేడియో చరిత్రలో ఇట్టి సంఘటన మేమెరుగము. స్టేషను మూతపడినా మరొక స్టేషను వైపు ముల్లు తిప్పవచ్చును. ఇక్కడ ముల్లు తిప్పుటకు చోటు లేదు. ప్రయోగము అను మాటను ఇంజనీర్లు ఒక అర్థములో వాడతారు, దానిని అనుభవించినవారికి మరొక అర్థము తోస్తుంది. సెట్లను మామూలు టెలివిజను స్తంభముల ప్రసారమునకు తగినట్లు మార్చి వాడుకొనుటకు ఏర్పాట్లు జరిగినవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23 న మొదలైనది. గుల్బర్గాలోను ఆ ఏడే స్తంభము లేచినది. అయితే స్తంభమునకు అందినంత మేరకే ఆ భాగ్యము. అందని పల్లెలు మిగిలినవి. మన సొంత ఉపగ్రహము ఇన్సాట్-1బి 1983 ఆగస్టులో ఎగిరినది. దానితో జాలీ గొడుగులు మళ్ళీ కొన్ని పల్లెలకు వచ్చినవి, ఈసారి వేరొక తరంగము మీద. మధ్యలో గడచిన ఏడేండ్లలో మొదటి గొడుగులు ఏమైనవని అడిగితే చెప్పుటకు పెద్ద పరిశోధన అక్కరలేదు. ఇనుప జాలీకి పల్లెలో వేయి ఉపయోగములు.

1990 తరువాతి కథ మన ఇళ్ళలో అందరికి తెలిసినదే. 1991 నుండి విదేశీ చానళ్ళు వచ్చినవి, 1995 లో జెమిని, ఈటీవీ వచ్చినవి. కాలనీకి ఒక పెద్ద డిష్షు, దాని కింద కేబుల్ ఆపరేటరు గది, అక్కడినుండి మేడ మేడకు దూకిన నల్లతీగ. అప్పటి రిసీవర్లు కూడ అనలాగ్ పద్ధతివే. వాటి తరంగము నాలుగు వేల మెగాహెర్ట్జుల దరిది, పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. ఆ గొడుగు చూపు రెండు డిగ్రీలకు లోపు. అందుకే గాలివాన వచ్చిన మరునాడు ఆపరేటరు మేడ ఎక్కి దానిని సర్దుచుండేవాడు. అదే దశాబ్దములో నగరపు కంప్యూటరు పరిశ్రమ కూడ గొడుగు నీడనే పెరిగినది. అమీరుపేట మైత్రీవనములో వెలసిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు, ఇక్కడ వ్రాసిన ప్రోగ్రాములను ఉపగ్రహము ద్వారా సముద్రములు దాటించినది. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి గారు ప్రారంభించిన పిమ్మట ఆ వ్యాపారము మాదాపూరు గుట్టలకు మారినది. ఇప్పుడు ఆ పని చాలవరకు నేలలోను, సముద్రము అడుగునను పరచిన గాజు తీగలు చేయుచున్నవి.

ఇంత చరిత్ర తెలిసిన పిమ్మట అసలు ప్రశ్నకు రావచ్చును. ఇట్టి రిసీవరు ఒకటి దొరికినచో దానికి ప్రాణము పోయగలమా? పెట్టె వరకు అయితే పోయవచ్చును. కొన్ని జాగ్రత్తలు మాత్రము తప్పవు. దుమ్ము తుడిచిన వెంటనే ప్లగ్గు పెట్టరాదు. ముప్పది నలుబది ఏండ్లు పడి ఉన్న ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోయి ఉంటాయి, ఒక్కసారి కరెంటు తగిలితే పేలవచ్చును. పాత మెకానిక్కులు చేసినట్లు నూరు వాట్ల గుండు బల్బును సీరీసులో పెట్టి చూడవలెను. బల్బు నిండుగా వెలిగితే లోపల ఎక్కడో షార్టు ఉన్నదని అర్థము. కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో వెదకవచ్చును. అచ్చముగా అదే నంబరు దొరకకపోతే సరిపోయే మరొకటి చెప్పగల దుకాణదారులు అక్కడ ఉన్నారు. ట్యూనింగు చుట్టలను మాత్రము స్క్రూడ్రైవరుతో కదపరాదు. వాటిని ఫ్యాక్టరీలో కొలతలు చూచి అమర్చినారు. కొలిచే పరికరము లేనివాడు తిప్పితే మళ్ళీ చోటికి రావు.

గొడుగు మీద ఎక్కువ శ్రమ పడవలెను. అంచుకు అంచు దారములు లాగి చూచి, నడుమ అవి ఒకదానికొకటి ఆనుచున్నవో లేదో చూస్తే గొడుగు మెలి తిరిగినది లేనిది తెలుస్తుంది. అంత చేసినా అది చూడవలసిన వస్తువు ఆకాశములో లేదు. ఏ.టి.ఎస్.-6 ను 1979 లో దాని చోటునుండి తప్పించినారు. ఇతర ఉపగ్రహముల ప్రసారములు డిజిటల్ పద్ధతికి మారినవి. ఆ భాష ఈ పాత దుబాసీకి రాదు. 860 మెగాహెర్ట్జుల రిసీవరైతే హైటెక్ సిటీ నడుమ పెట్టినపుడు మరొక వింత జరుగుతుంది. దానికి ఇరుగుపొరుగు తరంగములలోనే నేడు మొబైలు ఫోను టవర్లు పలుకుచున్నవి, 869 మెగాహెర్ట్జుల నుండియే వాటి వరుస మొదలవుతుంది. ఒకప్పుడు 36,000 కిలోమీటర్ల నుండి వచ్చిన గుసగుసను వినుటకు చేసిన చెవి అది. అర కిలోమీటరు దూరములోని టవరు దాని పక్కన అరచినట్లే. తెర నిండ మిణుగురులు తప్ప మరేమి కనబడకపోవచ్చును.

దీనికి ఒక ఉపాయమున్నది. బయటి ఆకాశమును నమ్ముకొనక, గదిలోనే ఒక చిన్న యంత్రముతో అదే తరంగము మీద, అదే ఎఫ్.ఎం. పద్ధతిలో అతి స్వల్పమైన సంకేతమును పుట్టించి, గాలిలోనికి వదలక తీగ ద్వారా నేరుగా రిసీవరుకు అందించుట. కంప్యూటరుతోనే ఇట్టి సంకేతమును తయారుచేయు సాధనములు ఇప్పుడు తక్కువ ధరకు లభించుచున్నవి. ఈ పని నేర్చినవారు ఆ అద్దాల మేడలలో వేలమంది ఉండవచ్చును. అప్పుడు పాత పెట్టె, తాను పనిచేసిన నాటి వలెనే పనిచేస్తుంది. బొమ్మ పడుతుంది, రెండు మాటల దారులలో ఒకటి తెలుగు, ఒకటి కన్నడము పలుకుతుంది.

అయితే ఏ బొమ్మ? యంత్రమును బాగుచేయువారు చివరకు వచ్చి నిలుచు చోటు ఇదే. నేటి సినిమా పాటనో, క్రికెట్టు ఆటనో ఆ తెర మీద వేసి చూపవచ్చును గాని, అది తాతగారి కోటు తొడిగి ఫోటో దిగినట్లు ఉంటుంది. ఆ తెరకు తగినది 1975 నాటి తెలుగు కార్యక్రమము. టేపులు ఖరీదైన రోజులలో ఒక కార్యక్రమమును తుడిచి మరొకటి ఎక్కించుట ప్రసార సంస్థలన్నిటికి, ఏ దేశములోనైనను, అలవాటు. మిగిలిన టేపులను కూడ కాలము వదలదు. అయస్కాంతపు పూత బంక పట్టి రాలిపోతుంది, ఆడించు యంత్రములు మూలపడతాయి. రిసీవరు పాడైతే మరొకటి చేయవచ్చును, దాని నకళ్ళు ఎక్కడో ఉంటాయి. మాట పోతే నకలు ఉండదు. అందుచేత పాత సెట్టుకు శ్రమపడువారు అందులో పావు వంతు శ్రమను పాత టేపుల వైపు, ఆనాడు ఆ తెర ముందు కూర్చొన్నవారి వైపు మళ్ళించినచో మేము ఎక్కువ సంతోషిస్తాము. 1975 లో పదేండ్ల పిల్లలు నేటికి అరువది దాటినారు. సెట్టును కాపాడిన పంతుళ్ళు, సాయంకాలము తాళము తీసిన కావలివారు ఇంకను వృద్ధులు.

ఆ నాలుగు జిల్లాలలోని ఏ బడి అటకమీదనైనా, ఏ పంచాయతీ గదిలోనైనా బూజు పట్టిన ఇ.సి.ఐ.ఎల్. సెట్టు గాని, జాలీ చట్రము గాని, గొడుగు నడిమి పెట్టె గాని కనబడినచో పాత ఇనుము వానికి తూకము వేయకుడు. కరెంటు పెట్టి చూడకుడు. వెనుక రేకు మీది నంబరు వ్రాసికొని, నాలుగు వైపులనుండి ఫోటో తీసి, ఏ ఊరో, ఎక్కడ నిలిపినారో, ఎవరు తిప్పేవారో ఆ ఊరి పెద్దలను అడిగి ఒక కాగితము మీద ఎక్కించి పెట్టెకు అంటించుడు. మరమ్మతు చేయువాడు నేడు కాకపోతే రేపు వస్తాడు. వచ్చిననాడు అతనికి ముందుగా కావలసినది ఆ కాగితమే.